రూతమ్మగారి మొదటి కూతురు

ఒక అబద్ధాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. ఆడినప్పుడు అది అంత బరువుగా లేదు. మా ఇంటి వరండాలో నిలబడి ఒక ముసలామెతో నాలుగు మాటలు అన్నాను, అంతే. ఆమె వెళ్ళిపోయింది. నేను లోపలికి వచ్చి పొయ్యి మీద పప్పు దించాను. ఆ పూట అన్నం కూడా బాగానే తిన్నాను. బరువు తర్వాత మొదలైంది.

నా పేరు రాయను. రాస్తే మా చర్చి సంఘంలో వాళ్ళంతా నా గురించే మాట్లాడుకుంటారు, ఆమె గురించి ఎవరూ మాట్లాడరు, అందుకని రాయడం లేదు. కాదు. ఇదీ అబద్ధమే. సిగ్గుపడి రాయడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. క్షమించమని అడగను. మీరు క్షమిస్తే నాకు ఇంకా కోపం వస్తుంది. ఇప్పటికే చాలా కోపంగా ఉంది. నా మీద, మా నాన్నగారి మీద, ఏటేటా ఫొటోకి దండ వేసి చప్పట్లు కొట్టే మా సంఘ పెద్దల మీద, చివరికి ఆ ఫొటోలో ఉన్న మనిషి మీద కూడా.

ఆ ఫొటోలో ఉన్నది మా మామ్మ, నాన్నగారి తల్లి. పేరు రూతమ్మ. నర్సీపట్నంలో పాతవాళ్ళని అడిగితే రూతమ్మ అంటే గుర్తురాకపోవచ్చు, సైకిల్ నర్సమ్మ అంటే అందరికీ తెలుసు. ఆడది సైకిలెక్కితే వీధి వీధంతా తలుపుల్లోంచి తొంగిచూసే రోజుల్లో ఆవిడ మిషన్ ఆస్పత్రి సైకిలు తొక్కుకుంటూ గొలుగొండ దాకా, ఆ పైన కొండల మొదలుదాకా వెళ్ళి పురుళ్ళు పోసేది. మొదట్లో పిల్లలు వెంటపడి మట్టిబెడ్డలు విసిరేవారట. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని "మీ ఆయన్ని ఎనకాల ఎక్కించుకోవేటి నర్సమ్మా" అని ఇకిలించేవారట. ఆ ఇకిలించిన వాళ్ళ పెళ్ళాలకే ఆవిడ పురుళ్ళు పోసింది. కొన్ని పెద్ద ఇళ్ళల్లో, బిడ్డని బయటికి తీసిన ఆ చేతుల్లోకి పైనుంచి నీళ్ళు వంచేవారు గానీ గ్లాసు ఇచ్చేవారు కాదు. మామ్మ ఆ సంగతి చెప్పి నవ్వేది. నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు.

మా వైపు మొదటి నర్సు ఆవిడే. మా సంఘంలో మగవాళ్ళ మధ్య లేచి నిలబడి మాట్లాడిన మొదటి ఆడమనిషీ ఆవిడే. తాతగారు అదే ఆస్పత్రిలో కాంపౌండరు, నోట్లో నాలుక లేని మనిషి. మామ్మకి మాత్రం నోరూ ఉంది, కోపమూ ఉంది. నా కోపం ఆవిడ దగ్గరినుంచే వచ్చిందని అందరూ అంటారు.

నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నన్ను పెంచింది మామ్మ. నా జడ వేసింది, అన్నం పెట్టింది, సైకిలు నేర్పింది, పడితే లేపకుండా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నేను బియ్యీడీ చదివి ఊళ్ళోనే టీచరునై, సోషలు చెప్పడం మొదలుపెట్టాక మా వంశం సంగతులు కూడదీయాలనే పిచ్చి పట్టింది. తాతగారి వైపు దొరికింది. ఆయన తండ్రి ఎవరు, ఏ ఊరు, ఎప్పుడు బాప్తిస్మం పుచ్చుకున్నారు, అన్నీ మాకవరపాలెం వైపు ముసలివాళ్ళని తిరిగి తిరిగి అడిగి తెలుసుకున్నాను. మామ్మ వైపు మాత్రం ఏమీ లేదు.

"మీ పుట్టిల్లెక్కడ మామ్మా?" అంటే, "ఆస్పత్రి గేటు" అనేది. అంతే. తల్లీ తండ్రీ లేని పిల్లని డాక్టరు దొరసానిగారు చేరదీసి పెంచారని ఇంట్లో అందరం చెప్పుకునేవాళ్ళం. నమ్మేవాళ్ళం కూడా. ఆవిడ మే నెల ఎండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టే ఎందుకు వేసుకుంటుందో ఎవరూ అడగలేదు.

తొంభైల మధ్యలో ఆవిడ మంచాన పడింది. నేనే ఒళ్ళు తుడిచేదాన్ని. అప్పుడు చూశాను. ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు. తులసికోట బొమ్మ, దాని చుట్టూ చుక్కలు. పల్లెటూరి హిందువుల ఇళ్ళల్లో ఆడపిల్లలకి పొడిపిస్తారే, అది. దొరసాని పెంచిన అనాథకి తులసికోట ఎవరు పొడిపించారు? అడగలేదు. భయమేసింది.

అడగకుండానే చెప్పింది. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, నేను గంజి తాగిస్తున్నాను. నా మొహంలోకి చూసి "సింహాచలం" అని పిలిచింది. మతి తప్పిందేమో అనుకున్నాను. "నేను మామ్మా" అన్నాను. "నువ్వని నాకు తెలుసులే" అని కసిరింది.

"మీ నాన్న కన్నా ముందు నాకో ఆడగుంట పుట్టినాదే," అంది.

ఆవిడ పుట్టింది అనాథగా కాదు. పుట్టిల్లు వ్యవసాయం చేసుకునే హిందువుల ఇల్లు. చిన్నతనంలోనే నక్కపల్లి వైపు ఒక ఊరికి కోడలిగా పంపారు. పేరు అప్పుడు వేరు, ఆ పేరు నాకు చెప్పలేదు. కూతురు పుట్టిన కొన్నాళ్ళకే మొగుడు కలరాతో పోయాడు. అత్తవారింట్లో ఎడ్లకి చూపించిన దయ కూడా తనకి చూపించలేదంది. మరిది తలుపు తట్టడం మొదలుపెట్టాడంది. జ్వరంతో ఒకసారి ఆస్పత్రికి తీసుకొస్తే, అక్కడ తెల్లచీరలు కట్టుకుని గబగబా నడిచే ఆడవాళ్ళని చూసింది. ఆ నడకే మనసులో పడిపోయిందట. ఒకనాడు పిల్లని చంకనేసుకుని ఇంట్లోంచి బయలుదేరింది. మామగారు రోడ్డు మీద అందుకున్నాడు. పిల్లని లాక్కున్నాడు. నువ్వెక్కడికైనా పో, గుంట మాది, అన్నాడు.

"నాను ఆడనే నిలబడిపోనాను. అది ఏడస్తంది. ఎనక్కి తిరిగుంటే ఇద్దరం ఆ కొంపలోనే పడుందుము. తిరగలేదే నాను. లాగీసుకున్నారు, లాగీసుకున్నారు అని ఇన్నాళ్ళూ నాకు నానే సెప్పుకున్నాను. కాదు. ఒగ్గీసినాను."

తర్వాత రెండుసార్లు వెళ్ళిందట. మొదటిసారి రాళ్ళేశారు. నర్సయ్యాక ఇంకోసారి వెళ్ళింది. నూతి దగ్గర పిల్ల కనిపించింది, అప్పటికి లంగా ఓణీ వేసుకునే వయసు. "ఎవులు కావాలి?" అని అడిగింది. తల్లి చచ్చిపోయిందని దానికి చెప్పి పెంచారు. మామ్మ దాహమేస్తోందని చెప్పి, కూతురు చేతి నీళ్ళు తాగి సైకిలెక్కి వచ్చేసింది.

"దాన్ని ఎదుకు. బతికుంటే సెప్పు. మీయమ్మ నిన్ను మర్సిపోలేదని సెప్పు. అది తిట్టినా పడు. నాకు బదులు పడు."

సరేనన్నాను. చేతిలో చెయ్యి వేశాను. నెల తిరక్కుండానే మామ్మ పోయింది.

నేను వెదకలేదు.

ఎందుకు వెదకలేదు? ఈ ప్రశ్నకి ఇన్నేళ్ళలో చాలా జవాబులు తయారు చేసుకున్నాను. నాన్నగారు సంఘ పెద్ద. రూతమ్మగారు మొగుడిల్లు వదిలి వచ్చేసింది, కన్నబిడ్డని వదిలేసింది, రెండో పెళ్ళి చేసుకుంది అని తెలిస్తే ఆయనంటే పడనివాళ్ళు మందిరం మెట్ల మీదే నవ్వుతారు. ఇది ఒక జవాబు. బడి, పరీక్షలు, తీరిక లేదు. ఇది ఇంకొకటి. రెండూ కొంచెం కొంచెం నిజమే. అసలు నిజం మాత్రం రాయడానికి కూడా నాకు అసహ్యంగా ఉంది. ఆ మధ్యాహ్నం ఆవిడ నన్ను వేరే పేరుతో పిలిచింది. అప్పటిదాకా నేను ఆవిడకి ఒక్కతెనే ఆడపిల్లననుకున్నాను. నా జడ వేసినప్పుడు ఆవిడ ఎవరి జడ వేసింది? పడితే లేపకుండా నిలబడి చూసినప్పుడు ఎవరిని చూసింది? ముప్పై ఏళ్ళ మనిషిని, పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, ఎక్కడో పల్లెలో ఉన్న ఒక ముసలి ఆడమనిషి మీద కుళ్ళుకున్నాను. ఆవిడ నాది. నేను ఎవరితోనూ పంచుకోను. ఇదీ నేను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా సంఘానికి జూబిలీ పండగ వచ్చింది. పాత కుటుంబాల చరిత్రలన్నీ రాయించి ఒక సంచిక వేద్దామన్నారు. మందిరం పక్కన కొత్తగా కట్టిన హాలుకి రూతమ్మగారి పేరు పెడదామన్నారు. ఆవిడ జీవితం రాయమని నన్నే అడిగారు. ఊళ్ళో వంశాల సంగతులు కూడదీసేది నేనే కదా. రాశాను. మంచి తెలుగులో రాశాను. తల్లిదండ్రులు లేని బాలిక, దేవుని కృపవలన దొరసానిగారి నీడలో పెరిగి, అంటూ మొదలుపెట్టాను. తెలిసి తెలిసి రాశాను. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే బయటికి రెండుసార్లు చదువుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి.

జూబిలీకి ముందు శనివారం. నాన్నగారు మందిరం దగ్గర సున్నాలు వేయిస్తున్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. గేటు చప్పుడైతే బయటికి వచ్చాను. ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె ముసలామె, నేత చీర, నుదుట పెద్ద బొట్టు. పక్కన నా ఈడుది, చేతిలో గుడ్డసంచీ.

"సైకిల్ నర్సమ్మగారిల్లు ఇదేనాండీ?" అంది ముసలామె.

"ఇదే. ఆవిడ పోయారు. మీరెవరు?"

ఆమె వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. కూర్చోవచ్చా అని అడగలేదు.

"పోయినారా," అంది. "నా పేరు సింహాచలమండి. ఇది నా కూతురు పైడమ్మ. నక్కపల్లి అవతలనుంచి వొచ్చినాం. మాయమ్మ నా సిన్నప్పుడే సచ్చిపోనాదని సెప్పినారండి నాకు. మొన్న మా మేనత్త మంచాన పడి, పోయే ముందు సెప్పినాది. మీయమ్మ సావలేదే, నర్సీపట్నం ఆస్పత్రిలో నర్సమ్మైపోనాది, సైకిలు తొక్కీదంట, ఎల్లి సూసుకో అనీసి."

నేను ఆమె మొహం చూస్తున్నాను. ఏ అనుమానమూ అక్కర్లేదు. ఆ కనుబొమలు, ఆ గడ్డం, మాట్లాడుతూ తల కొంచెం పక్కకి వంచడం. మా నాన్నగారికి రాలేదు, నాకూ రాలేదు. అన్నీ ఈమెకే వచ్చాయి. జాలి పడాలి కదా? ఒళ్ళు మండింది.

"మా మామ్మ మీ అమ్మ కాదండి. ఆవిడ అనాథ. దొరసానిగారు పెంచారు."

"ఎడం సేతి మీద పచ్చబొట్టు ఉండేదేటండీ? తులసికోట బొమ్మ, మా మేనత్త సెప్పినాది."

"లేదు."

"ముసిలోళ్ళకి మాసిపోతాది కదమ్మా, ఓపాలి గేపకం తెచ్చుకుని సెప్పండి."

"నేనే ఒళ్ళు తుడిచేదాన్ని. ఏ పచ్చబొట్టూ లేదు. మీరు పొరబడ్డారు."

"ఫొటో ఉంటే ఓపాలి సూపిత్తారేటి? సూసీసి ఎల్లిపోతాం."

ఫొటో నా వెనకే, ముందు గదిలో గోడకి ఉంది. నేను గుమ్మానికి అడ్డంగా జరిగాను. "ఫ్రేము కట్టించడానికి ఇచ్చాం" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

ఆమె మంచినీళ్ళు ఇమ్మంది. తెచ్చాను. మామ్మ ఆ నూతి దగ్గర నీళ్ళు అడిగిన సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది, గ్లాసు ఆమె చేతికి ఇస్తుండగానే. అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. ఆమె తాగి, గ్లాసు కొంగుతో తుడిచి మెట్టు మీద పెట్టింది.

"ఏటీ అనుకోకండమ్మా. పొరపాటైపోనాది," అంది.

కూతురు భుజం పట్టుకుని లేచింది. గేటు మళ్ళీ జాగ్రత్తగా గడియ పెట్టి మరీ వెళ్ళారు. బస్సు కాంప్లెక్సు వైపు నడిచిపోతుంటే చూశాను. పైడమ్మ ఒకసారి వెనక్కి తిరిగింది. ఆమె తిరగలేదు.

జూబిలీ బాగా జరిగింది. నేను చదివాను. తల్లిదండ్రులు లేని బాలిక అన్నచోట ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నాన్నగారు ముందు వరసలో తలెత్తుకుని కూర్చున్నారు. చప్పట్లు మోగాయి. నా వ్యాసంలో ముక్కలు తీసి హాలు గోడ మీద పాలరాయిలో చెక్కించారు. అప్పటినుంచీ ఏటా ఆవిడ పోయిన రోజున ఒక కూటం పెడతారు, ఫొటోకి దండ వేస్తారు, నాచేత అదే చదివిస్తారు. అందులో నిజమైన రూతమ్మ ఎక్కడుంది? ఆకలేసినా అరిచే మనిషి, కోపమొస్తే గిన్నె విసిరే మనిషి, బతకాలని బిడ్డని రోడ్డు మీద వదిలి ముందుకు నడిచిన మనిషి. ఆ నడక లేకపోతే ఆ సైకిలు లేదు, ఈ హాలూ లేదు. వాళ్ళకి మాత్రం మచ్చలేని దేవతే కావాలి. నేను తయారు చేసి ఇచ్చాను. వాళ్ళని అని ఏం లాభం?

ఆరేడేళ్ళు గడిచాయి. నాన్నగారికి గుండె ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాక ఒక సాయంత్రం టీ ఇస్తూ, ఇక ఆపుకోలేక అంతా చెప్పేశాను. మామ్మ చెప్పిందీ, ఆమె రావడం, నేను పంపించేయడం. ఆయన అరుస్తారనుకున్నాను. అరవాలని కోరుకున్నాను. ఆయన టీ ఊదుకుంటూ విన్నారు.

"అమ్మ నాకూ చెప్పింది, నీకంటే ముందే," అన్నారు. "నువ్వు మంచి పనే చేశావు."

మంచి పని. ఆ మాట విన్నాక ఆయన ముందునుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. చేతికి దొరికిన బట్టలన్నీ ఉతికినవే ఉతికాను. ఆయనకి ఒక అక్క ఉంది. తోడబుట్టింది. ఆమె తమ్ముడి ఇంటి గడప దాకా వచ్చి వెళ్ళిపోతే, ఈయన టీ ఊదుకుంటున్నారు. మామ్మ ముందు ఆయనకి చెప్పింది, ఆయన కదల్లేదు కాబట్టి నాకు చెప్పింది. నేనూ ఆయన కూతుర్నే అయ్యాను. ఆయనతో తర్వాత సరిగ్గా మాట్లాడలేదు. ఏడాది తర్వాత పోయారు. ఏడ్చాను గానీ కోపం తగ్గలేదు.

సమాధి కార్యక్రమం అయిన తర్వాతి వారం నక్కపల్లి బస్సెక్కాను. ఊరి పేరు మామ్మ చెప్పింది, మరిచిపోలేదు. మరిచిపోయానని ఎవరైనా అంటే నమ్మకండి, ఇలాంటివి ఎవరూ మరిచిపోరు. నక్కపల్లిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఉపమాక కొండ దాటాక జీడితోటలు మొదలయ్యాయి. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. తిట్టినా పడాలి. నాకు బదులు పడు అంది కదా.

పైడమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఎండబెడుతోంది. నన్ను చూసి గుర్తుపట్టడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. లేవలేదు. కూర్చోమని అనలేదు.

"అమ్మ పోయి ఏడాది దాటిపోనాది," అంది.

నేను వాకిట్లోనే నిలబడ్డాను.

"మీరొత్తారని అనీది. నాను రారన్నాను." చేత్తో పిక్కలు తిరగేస్తూనే ఉంది. "అమ్మకి ఆరోజే తెల్సిపోనాది. బస్సులో సెప్పినాది నాకు, ఆయమ్మ అబద్ధమాడినాది, ఆయమ్మ మాయమ్మ మనవరాలే అనీసి. నీకెలా తెలుసే అన్నాను. పచ్చబొట్టు మాట అడిగీసరికి ఆయమ్మ తన ఎడం సెయ్యి ఎనక్కెట్టుకున్నాది, నాను సూసినాను, అన్నాది."

చెయ్యి వెనక్కి పెట్టుకున్నానా? నాకు తెలియదు. నాకు అసలు గుర్తులేదు.

"తెలిసి మళ్ళీ ఎందుకు రాలేదు?" అన్నాను. ఏ మొహం పెట్టుకుని అడిగానో.

పైడమ్మ అప్పుడు తలెత్తింది. "ఎందుకొత్తాది? అడుక్కోడానికా? మాయమ్మే సెప్పుంటాది, అదొత్తే గుమ్మమెక్కనీకండి అనీసి, అన్నాది. నేకపోతే సొంత మనవరాలు అలాగనెందుకంటాదీ, అన్నాది. అదే నమ్ముకుని పోనాది."

నేను ఇన్నేళ్ళూ అనుకున్నది వేరు. ఆమె నా మాట నమ్మి, పొరబడ్డాననుకుని, ఎప్పటిలాగే తల్లి లేని మనిషిగా తన ఇంటికి వెళ్ళిపోయిందనుకున్నాను. అదే పెద్ద పాపమనుకుని మోశాను. కాదు. ఆమె నా అబద్ధంలోంచి నేరుగా నిజం చూసింది. చూసి, ఆ అబద్ధాన్ని తల్లి ఖాతాలో వేసుకుంది. చావడానికి ముందు గంజి తాగుతూ పేరు పెట్టి పిలిచిన ఆ తల్లి, తనని గుమ్మమెక్కనివ్వొద్దని చెప్పి చచ్చిపోయిందని నమ్మింది. మామ్మ ఒక్కసారే ఆ బిడ్డని వదిలేసింది. రెండోసారి వదిలించింది నేను. ఆవిడ పేరు మీద.

అప్పుడు చెప్పాను. అంతా. రోడ్డు మీద లాక్కోవడం, రాళ్ళు వేయడం, నూతి దగ్గర నీళ్ళు. మీయమ్మ నిన్ను మర్సిపోలేదని సెప్పు, అన్న ఆ మాట ఆవిడ అన్నది అన్నట్టే చెప్పాను. పైడమ్మ వింది. నూతి దగ్గరి సంగతి వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తిరగేయడం మొదలుపెట్టింది.

"ఇయన్నీ నాకెందుకు సెప్తన్నారు?" అంది చివరికి. "ఇనాల్సింది నాను కాదు. అమ్మని ఆ తోటల అవతల కాల్చినారు. ఆడకెల్లి సెప్పుకోండి."

తిట్టలేదు. తిడితే పడదామని వచ్చినదాన్ని, ఆ మాత్రం కూడా దొరకలేదు.

వెళ్ళాను. అక్కడ ఏమీ లేదు. గడ్డి మొలిచింది. ఏ చోటో కూడా తెలియలేదు. మేకలు తోలుకొచ్చిన ముసలాయన నాకేసి వింతగా చూశాడు. నిలబడి మామ్మ మాటలు అప్పజెప్పాను, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలాగా. గాలికి చెప్పినట్టే ఉంది. మనసు తేలికపడలేదు. ఎందుకు పడుతుంది? వినాల్సిన మనిషి మా మెట్టు మీద కూర్చున్నప్పుడు నోరు మూసుకున్నాను కదా.

తిరిగొచ్చాక, గోడ మీద రాతలో తప్పుందని, మార్పించాలని సంఘం కార్యదర్శితో అన్నాను. ఏం తప్పన్నాడు. మామ్మకి ముందు ఒక పెళ్ళయిందని, ఒక బిడ్డ ఉందని మాత్రం చెప్పాను. నా సంగతి చెప్పలేదు. "ఇప్పుడెందుకు మేడమ్, పెద్దావిడ పరువు మీరే తీస్తారా" అన్నాడు. ఆవిడ పరువట! కన్నబిడ్డని కలవరించడం పరువు తక్కువ, అబద్ధం పాలరాతి మీద ఉండడం పరువు. అరవాలనిపించింది. అరవలేదు. ఆ ఏడు కూటంలో చదవమంటే గొంతు బాగోలేదన్నాను. అదీ అబద్ధమే. వేరే ఒకమ్మాయి చదివింది. చప్పట్లు అలాగే మోగాయి.

పైడమ్మ దగ్గరికి ఇంకోసారి వెళ్ళాను. వాకిలి ఊడుస్తూ నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ వెళ్ళలేదు. ఆమె తలుపు తీయాలని అడిగే హక్కు నాకు లేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు హాలులో చదవాల్సింది ఇది.

రూతమ్మగారు అనాథ కాదు. ఆవిడకి ఇద్దరు బిడ్డలు. మొదటిది ఆడపిల్ల, పేరు సింహాచలం. బతకడానికి ఆవిడ ఆ బిడ్డని వదిలింది, వదిలినందుకు చచ్చేదాకా కుమిలింది. ఆ బిడ్డ ముసలితనంలో తల్లిని వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. తల్లి ఏమీ వద్దనలేదు. నేను వద్దనుకున్నాను. నేను అబద్ధం ఆడాను. నేనొక్కదాన్నే.

రాసేశాను. ఊపిరి ఆడుతోంది. కోపం మాత్రం అలాగే ఉంది. ఉండనీ.